పీరుది ఏ ఊరు?

కొన్నేళ్ళ కిందటి సంగతి. మొహర్రం పదో రోజుకి నానీ వాళ్ళ ఊరికి పోయాను. నల్లగొండ వైపు చిన్న పల్లె. ముస్లింల ఇళ్ళు అయిదో ఆరో ఉంటాయి. మిగతా ఊరంతా గొల్లలు, గౌండ్లు, మాదిగలు, నాలుగు రెడ్ల ఇళ్ళు. పీర్లను సాగనంపి తిరిగొచ్చి, అప్పట్లో నేను పనిచేస్తున్న పత్రికకి చిన్న వార్త రాసిచ్చాను. 'పీర్లు గుండం తొక్కాయి, ఊరంతా వెంట నడిచి చెరువు దాకా సాగనంపింది' అని. తెల్లారి చూస్తే నా వార్త ఇట్లా అచ్చయింది: 'ముస్లింల ఆరాధ్య దైవాలైన పీర్ల విగ్రహాలను నిప్పుల గుండంలో ఊరేగించారు. మత సామరస్యానికి ప్రతీకగా నిలిచిన ఈ వేడుకల్లో హిందువులు సైతం పాల్గొన్నారు.'

ఆ వారంలోనే హైదరాబాదులో ఒక నిఖాకి పోయాను. దస్తర్‌ఖాన్ దగ్గర మా దూరపు చుట్టం ఒకాయన, ఉర్దూ సాహిత్యం బాగా చదువుకున్న పెద్దమనిషి, ఈ సంగతి విని నవ్వాడు. "మియాఁ, పీర్ ఆద్మీ హోతా హై. వో తో అలమ్ హై. తుమ్ తెలుగువాలోఁ కో ఇత్తా బీ నై మాలూమ్ క్యా?" అన్నాడు. పీరంటే మనిషి, మీ ఊళ్ళో ఎత్తుకునేది అలమ్, మీ తెలుగువాళ్ళకి ఆమాత్రం కూడా తెలియదా అని.

ఒకరు పీరు మీ దేవుడన్నారు. ఒకరు అది అసలు పీరే కాదన్నారు. మొదటివారు నన్ను ముస్లింని చేసి ఊరవతల నిలబెట్టారు. రెండోవారు నన్ను తెలుగువాణ్ణి చేసి దస్తర్‌ఖాన్ చివర కూర్చోబెట్టారు. ఇద్దరి మధ్యా నలిగింది రెండక్షరాల మాట. ఆ మాటకి అసలు ఊరేదో వెతకాలనే పట్టుదల నాకు అప్పుడు పుట్టింది. వెతికితే తేలిన సంగతులు ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

ముందు మా చుట్టం మాటే తీసుకుందాం. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. పీర్ ఫారసీ మాట. అర్థం ముసలివాడు. జవాన్‌కి ఎదురుమాట పీర్. పీరీ అంటే ముసలితనం. ముసలివాడు పెద్దవాడయ్యాడు. పెద్దవాడు దారి చెప్పేవాడయ్యాడు. సూఫీల దగ్గరికి వచ్చేసరికి మురీదు చెయ్యి పట్టుకుని నడిపించే గురువయ్యాడు. అరబ్బీలో షేక్ అన్న మాట కథా ఇదే. అదీ ముసలివాడే. పాళీలో థేర అన్నా ముసలివాడే, థేరవాదమంటే పెద్దల మాట. సంస్కృతంలో గురువంటే బరువైనవాడు. కొందరు వయసును చూసి దండం పెట్టారు, కొందరు బరువును చూసి పెట్టారు. మన తెలుగులో 'పెద్దలు' అంటే రెండూ కలిసి వస్తాయి.

ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. అరబ్బీ లిపిలో 'ప' లేదు. ఫారసీ వాళ్ళు 'బే' కింద ఒక చుక్క బదులు మూడు చుక్కలు పెట్టి 'పే' చేసుకున్నారు. అంటే పీర్ అని రాయడానికి అరబ్బీలో అక్షరమే లేదు. ఈ మాట వింటూనే 'ఇస్లాం' అని ముద్ర వేసే తెలుగు విలేకరికీ, ఈ మాటను 'సరైన' అర్థంలోనే వాడాలనే ఉర్దూ పండితుడికీ ఇది ముందుగా తెలియాలి. ఇది మక్కా నుంచి వచ్చిన మాట కాదు. ఆ మాటకొస్తే మనం రోజూ వాడే నమాజ్, రోజా, పైగంబర్, ఖుదా కూడా ఫారసీవే. అరబ్బీలో నమాజ్‌ని సలాత్ అంటారు, రోజాని సౌమ్ అంటారు. నమాజ్‌కీ సంస్కృతంలోని నమస్సుకీ చుట్టరికం ఉందని భాషాశాస్త్రం తేల్చింది. రెండింటిలోనూ ఉన్నది తల వంచడమే.

సరే, పీర్ ఫారసీదే అనుకుని ఇరాన్ పోదాం. యజ్ద్ పట్టణం చుట్టుపక్కల జరతుష్ట్ర మతస్థుల యాత్రాస్థలాలున్నాయి. అగ్నిని కొలిచేవాళ్ళు, ముస్లింలు కారు. కొండ రాళ్ళ మధ్య నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారే ఒక చోటుకి వాళ్ళు ఏటా పోతారు. దాని పేరు పీరె సబ్జ్, పచ్చని పీరు. ఇంకో చోటు పీరె బానూ. అక్కడ పీర్ అంటే మనిషి కాదు, మొక్కు తీర్చుకునే చోటు. అంతెందుకు, ఫారసీ, ఉర్దూ గజళ్ళలో అడుగడుగునా ఎదురయ్యే పీరె ముగాఁ ఎవరు? ముగ్ అంటే అగ్నిని కొలిచే పూజారి. పీరె ముగాఁ అంటే మధుశాల పెద్ద. కవులు పుణ్యానికి పోవాల్సి వచ్చినప్పుడల్లా మసీదు పెద్దను వదిలి ఈయన గడప తొక్కారు. పీర్ అనేవాడు ఎట్లా ఉండాలో ఫారసీ కవులే ఒక మాట మీద లేరు.

మన దేశానికి వస్తే ఇంకా తమాషా. రాజస్థాన్‌లో రామ్‌దేవ్‌జీ రాజపుత్ర వంశంలో పుట్టిన వీరుడు. రామ్‌దేవ్‌రాలో సమాధి. హిందువులకు దేవుడు, ముస్లింలకు రామ్‌సా పీర్. పాము కాటుకి మొక్కుకునే గోగాజీని జాహర్ పీర్ అంటారు. బెంగాల్లో సత్యపీర్ ఉన్నాడు. ఆ సత్యపీరూ సత్యనారాయణుడూ ఒక్కడేనని చెప్పే పాంచాలీ కథలు 18వ శతాబ్దంలో భారతచంద్ర రాయ్ లాంటి పెద్ద కవులే రాశారు. ఇప్పటికీ అక్కడ సత్యనారాయణ పూజలో పంచే ప్రసాదాన్ని శిన్నీ అంటారు. అది ఫారసీ షీరీనీ, అంటే తీపి. మన దర్గాల దగ్గర పంచే షీరినీ అదే. బ్రాహ్మణ పురోహితుడు ఆ మాట పలికి ప్రసాదం పెడతాడు. అతణ్ణి ఎవరూ 'ఈ మాట ఏ ఊరిది స్వామీ' అని అడగరు.

కాబట్టి 'పీర్ ఆద్మీ హోతా హై' అన్నది సగం నిజం. ఒక చోట మనిషి, ఒక చోట రాతిగుహ, ఒక చోట కల్లు పోసే పెద్ద, ఒక చోట దేవుడు. ఇన్ని రూపాలు చెల్లినప్పుడు మా నల్లగొండ పల్లెలో వెదురు గడకు కట్టిన ఇత్తడి పంజా ఒక్కటే ఎందుకు తప్పయింది?

ఉర్దూలోనే ఇంకో పీర్ ఉంది. దాంతో నా పరిచయం చిన్నప్పుడే. అబ్బా ఉర్దూ మీడియం బడిలో టీచరు. సెలవులకి నానీ దగ్గర ఉన్నప్పుడు 'పీర్ కో స్కూల్ ఖుల్తా' అని కబురు పంపేవాడు. ఉర్దూలో పీర్ అంటే సోమవారం. నాకు ఆ వయసులో తెలిసిన పీర్లు చావిట్లో ఎర్ర గుడ్డలో చుట్టిపెట్టినవే. ఏడాదికోసారి బయటికొచ్చే పీర్లు వారం వారం వచ్చి బడి తలుపులు తీస్తాయా అని నానీని అడిగాను. ఆమె చాలా రోజులు నవ్వింది, వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. పెద్దయ్యాక చూస్తే ఫారసీలో సోమవారానికి దోషంబా అంటారు, అరబ్బీలో ఇస్నైన్ అంటారు. రెండింట్లోనూ 'రెండు' అనే లెక్కే ఉంది. పీర్ అని సోమవారాన్ని పిలిచింది ఉర్దూ వాళ్ళే. ఫారసీ మాట తీసుకుని ఫారసీలో లేని అర్థం పెట్టుకున్నారు. ఉర్దూకి ఉన్న ఈ స్వతంత్రం తెలుగుకి ఎందుకు లేదని నేను మా చుట్టాన్ని అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను.

మూడో పీర్ ఫారసీది కాదు. సంస్కృతంలోని పీడ ప్రాకృతాల గుండా నడిచి హిందీలో, అవధిలో, బ్రజ్‌లో పీర్ అయింది. అర్థం నొప్పి, బాధ. వినడానికి రెండు పీర్లూ ఒకటే. ఒకటి ఇరాన్ నుంచి వచ్చింది, ఇంకోటి ఇక్కడి మట్టిలోదే. పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. కానీ జనం నోట్లో ఒకే చోటికి చేరాయి. ఎదుటివాడి బాధ తెలిసినవాడే పీర్ అని ఈ రెండు మాటలనీ కలిపి కబీరు పేరు మీద ఒక దోహా ఊరూరా తిరుగుతోంది. వ్యుత్పత్తి పండితుడు దాన్ని శ్లేష అంటాడు. దోహా పాడుకునే నేతగాడు దాన్ని నిర్వచనం అనుకుంటాడు. నాకు నేతగాడి వైపే మొగ్గు. తెలుగులో అదే సంస్కృత పదం పీడగా ఉండిపోయింది. 'పీడ విరగడైంది' అంటాం. మా నానీ ఊళ్ళో ఆడవాళ్ళు 'పీర్లకు మొక్కితే పీడ పోతది' అంటారు. వాళ్ళకి హిందీ రాదు, సంస్కృతం అసలే రాదు. అయినా రెండు మాటలనీ ఒక వాక్యంలో కూర్చోబెట్టారు.

మా చుట్టం సరిదిద్దిన అలమ్ సంగతి కూడా చూద్దాం. అలమ్ అరబ్బీ మాట. ఐన్ అక్షరంతో మొదలవుతుంది. అర్థం జెండా, గుర్తు. యుద్ధంలో సైన్యం ముందు ఎత్తి పట్టుకునేది. క్రీ.శ. 680లో కర్బలాలో హజ్రత్ హుసేన్ పక్షాన జెండా పట్టినవాడు ఆయన తమ్ముడు అబ్బాస్. దాని గుర్తుగానే అలమ్ ఎత్తుతారు. అరబ్బీలో ఇంకో అలమ్ ఉంది. అది అలిఫ్‌తో మొదలవుతుంది. అర్థం బాధ, నొప్పి. ఉర్దూలో 'రంజో అలమ్' అంటాం, దుఃఖమూ వేదనా అని. ఐన్‌ని గొంతులోంచి పలికే అలవాటు మన వైపు లేదు కాబట్టి మన నోట్లో రెండు అలమ్‌లూ ఒకటే అయ్యాయి. మర్సియా చదివేవాడు 'అలమ్' అన్నప్పుడు కాగితం మీద చూస్తే తప్ప జెండానో బాధో చెవికి తేడా తెలియదు.

చూడండి ఎంత చిత్రమో. ఫారసీ పీర్ పక్కన నొప్పి అనే పీర్ నిలబడింది. అరబ్బీ అలమ్ పక్కన నొప్పి అనే అలమ్ నిలబడింది. పల్లెటూరి జనం అలమ్‌ని పీరు అన్నారు. పండితుడు తప్పంటున్న చోట రెండు భాషల దుఃఖం కలిసింది. ఇది ఎవరో ఆలోచించి చేసిన పని అని నేను అనను. కాకతాళీయమే. కానీ భాషలో కాకతాళీయాలను వాడుకునేది మనుషులే. వాళ్ళకి పనికిరానిది నిలవదు.

ఇక తెలుగు పీరు దగ్గరికి వద్దాం. పీర్ తెలుగులోకి వచ్చి చివర ఉకారం తగిలించుకుంది. ఊరు, పేరు, తీరు, పీరు. బహువచనం కావాలంటే పేర్లు, తీర్లు, పీర్లు. విభక్తులన్నీ తెలుగువే. సమాసాలు కూడా చేసుకుంది: పీర్ల చావిడి, పీర్ల కొట్టం, పీర్ల పండుగ, పీర్ల గుండం. నిఘంటువు ఒప్పుకున్నా లేకపోయినా వ్యాకరణం ఎప్పుడో ఒప్పుకుంది.

వ్యాకరణం ఇంకో పని కూడా చేసింది. ఉర్దూలో పీర్ సాహెబ్ పురుషుడు, గౌరవ బహువచనంలో వస్తాడు. తెలుగులో పీరు అమహత్తు. పీరు లేచింది, పీరు వచ్చింది, పీర్లు కదిలాయి అంటాం. చదువుకున్న ముస్లింకి ఇది కష్టంగా ఉంటుంది, పెద్దాయనని పట్టుకుని 'వచ్చింది' అంటారేమిటని. కానీ అదే ఊళ్ళో అదే మనిషి పేరు పెట్టి చెప్పినప్పుడు 'హుసేన్ సామి వచ్చిండు', 'కాసీం సామి అలిగిండు' అంటాడు. వస్తువుగా ఉన్నప్పుడు పీరు, ఎత్తుకుని నడిచినప్పుడు మనిషి. ఎత్తుకున్నాయనకి ఒళ్ళు ఊగితే 'పీరు వచ్చింది ఆయన మీదికి' అంటారు. ఒకే మాట ఇత్తడికీ, అమరుడికీ, ఒంటి మీదికి వచ్చిన దానికీ సరిపోయింది.

ఇది తెలియనితనం కాదు. తెలుగు పల్లెలకు వస్తువులో శక్తిని చూడటం ముందునుంచీ తెలుసు. ఎల్లమ్మ ఘటంలో ఉంటుంది, ఊరి బొడ్రాయిలో ఉంటుంది, బోనంలో ఉంటుంది. కుండని నెత్తిన పెట్టుకుని 'అమ్మ వచ్చింది' అనే జనం, పంజాని భుజానికెత్తుకుని 'పీరు వచ్చింది' అన్నారు. తమ పద్ధతిలో తాము అర్థం చేసుకున్నారు. హైదరాబాదులో మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయలుదేరేది బీబీ కా అలమ్. అక్కడ దాన్ని ఎవరూ పీరు అనరు. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆశూర్‌ఖానాలోనూ అలమ్‌లే. కోటలో అలమ్, పేటలో అలమ్, పల్లెలో పీరు. రాజుల మాట ఒకటి, జనం మాట ఒకటి. మా చుట్టం కోట మాటను పల్లెకి నేర్పబోయాడు.

ఈ జనం మాటను పైకి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయి స్వామిగా కొలిచే పీరు గురించి మన కవి అఫ్సర్ ఇంగ్లీషులో పెద్ద పరిశోధన చేశాడు. 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన ఆ పుస్తకం పేరే 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్'. అలమ్‌ల పండుగ అని పెట్టలేదు, పీర్ల పండుగనే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి తీసుకుపోయాడు. కుళ్ళాయి కూడా ఇట్లాంటి మాటే. ఫారసీ కులాహ్, టోపీ. ఒక టోపీ తెలుగులో స్వామి అయింది. ఆ చుట్టుపక్కల కుళ్ళాయప్ప అని పేరున్న ప్రతి ఇద్దరిలో ఒకరు హిందువే అన్నా నేను ఆశ్చర్యపోను. పీరయ్య, పీరమ్మ, ఫకీరప్ప, ఉసేనప్ప, మస్తానమ్మ, ఇవన్నీ ఏ మతం పేర్లు? రేషన్ కార్డు మీద ఆ పేరు చూసి మతం గడి నింపే గుమాస్తాకి తలనొప్పి. తలనొప్పి పేరులో లేదు, గడిలో ఉంది.

ఇప్పుడు నా వార్తను దిద్దిన డెస్కు దగ్గరికి రావాలి.

మన వ్యాకరణాలు తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విడదీశాయి. బయటినుంచి వచ్చిన వాటికి అన్యదేశ్యం అని పేరు పెట్టారు. డిగ్రీలో ఈ పాఠం చెప్తూ మా లెక్చరరు ఉదాహరణ అడిగితే ఎవరో పీరు అన్నారు. క్లాసంతా నా వైపు తిరిగి చూసింది. నేను ఏ తప్పూ చేయలేదు. ఆ మాటా చేయలేదు. అయినా అన్యదేశ్యం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ తలలు తిరగడమే గుర్తొస్తుంది. 'మీది అసలు ఏ ఊరు?' అని అద్దె ఇంటి యజమాని అడిగినప్పుడు, నల్లగొండ అని చెప్పినా 'అసలు' అన్న దగ్గర ఆగి మళ్ళీ చూసినప్పుడు, ఆ పాఠమే గుర్తొస్తుంది.

ఆ క్లాసులో ఎవరూ చెప్పని ఉదాహరణలు చాలా ఉన్నాయి. కాగితం ఫారసీ కాగజ్. కలం అరబ్బీ. జేబు, దుకాణం, జమీను, వకీలు, అన్నీ వచ్చినవే. అన్నిటికంటే పెద్ద ఉదాహరణ రైతు. అరబ్బీ రయ్యత్. మొదట మందకు, తర్వాత పాలనలో ఉండే ప్రజలకు వాడిన మాట. అది తెలుగులోకి వచ్చి రైతు అయింది. రైతే రాజు అంటాం, రైతే వెన్నెముక అంటాం. 2018లో తెలంగాణ ప్రభుత్వం పెట్టిన పథకం పేరు రైతు బంధు. సగం అరబ్బీ, సగం సంస్కృతం. ఎవరూ దాన్ని మత సామరస్యానికి ప్రతీక అనలేదు. పత్రికల్లో 'రైతు' పక్కన 'ముస్లింల మాట అయిన' అని ఏ సబ్ ఎడిటరూ రాయడు. రాస్తే పిచ్చివాడంటారు. మరి పీరు పక్కన ఎందుకు రాస్తాడు? రెండూ ఒకే దారిన వచ్చిన మాటలు. ఒకదాని పుట్టుక మరిచిపోవడానికి సమాజం ఒప్పుకుంది. రెండోదానికి మాత్రం రోజూ కాగితాలు చూపించమంటోంది. కాబట్టి సమస్య వ్యుత్పత్తిది కాదు. ఏ మాటను ఆపి అడగాలి, ఏ మాటను అడక్కుండా వదలాలి అని తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే సమస్య. మనుషుల విషయంలోనూ జరిగేది అదే.

ఆ దిద్దిన వార్తలో నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట 'దైవాలు' కాదు, 'సైతం'. హిందువులు సైతం పాల్గొన్నారట! ఆ ఊళ్ళో గుండం తవ్వింది ఎవరు? కట్టెలు మోసింది ఎవరు? డప్పు కొట్టింది ఎవరు? కుడకల పేర్లు వేసి మొక్కింది ఎవరు? అయిదిళ్ళ ముస్లింలు ఆ పండుగను ఒంటిచేత్తో చేయగలరా? ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్ళలో పీర్లు లేవడం నేను చూశాను. అక్కడ 'సైతం' ఎవరికి తగిలించాలి? ఊరిదైన దాన్ని మా ఒక్కరి పేరున రాసి, మళ్ళీ ఊరి వాళ్ళు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు చెప్పడం, ఇదీ మన పత్రికల సామరస్యం. సెక్యులర్ మిత్రులకు నా మనవి. మీరు ఏడాదికోసారి ఫొటో వేసి మెచ్చుకునే ఈ సామరస్యంలో మెచ్చుకోలు మీది, పండుగ మాది అయిపోతోంది. డప్పు కొట్టే మాదిగ పీరుని ముట్టుకోగలడా లేదా అని ఏ ఊళ్ళోనైనా అడిగారా? ఏడాదంతా చావిడి ఊడ్చి దీపం పెట్టే ముజావర్ తాతకి తిండెట్లా గడుస్తుందో రాశారా? సామరస్యం అన్న మాట కింద కులమూ, ఆకలీ రెండూ దాక్కుంటున్నాయి.

మనవాళ్ళ దగ్గరా దాచాల్సింది ఏమీ లేదు. మనలో కొందరికి తెలుగు అంటే చులకన. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల వాళ్ళని మనమే పూర్తి ముస్లింలు కారన్నాం. వాళ్ళ నోటి 'పీరు'ని మనమే వెక్కిరించాం. ఇప్పుడు కొన్ని ఊళ్ళలో మన కుర్రాళ్ళే పీర్ల చావిడి మనది కాదని తాళం వేసుకుని పోతున్నారు. ఊదు వేయడం, గుండం తొక్కడం, మొక్కులు, ఇవి దీన్‌లో లేవని వాళ్ళ వాదన. ఆ వాదన చేసే హక్కు వాళ్ళకుంది. పీరుని ఎత్తను అనే మనిషిని బలవంతంగా ఎత్తమనడం కూడా దౌర్జన్యమే. షియా మిత్రులు ఇంకో మాట అంటారు. మొహర్రం మాతమ్, దుఃఖం, దాన్ని పండుగ అంటే మాకు గుండె కలుక్కుమంటుంది అని. ఆ బాధ న్యాయమైనది. ఆఫీసుల్లో మొహర్రం శుభాకాంక్షలు చెప్పేవాళ్ళు కాస్త ఆగి వినాల్సిన బాధ. కానీ వాదన దీన్ మీద జరగాలి, నమ్మకం మీద జరగాలి. 'మీరు మాట తప్పు పలుకుతున్నారు కాబట్టి మీ నమ్మకమూ తప్పు' అని నిఘంటువు చేత తీర్పు చెప్పించకూడదు. సోమవారాన్ని పీర్ అనుకున్నప్పుడు అడ్డురాని నిఘంటువు ఇప్పుడు ఎందుకు వస్తుంది?

ఇక పండుగ సంగతి. పదో రోజు సాయంత్రం పల్లెకి పోయి చూడాలి. గుండం చల్లారాక పీర్లను చెరువుకి తీసుకుపోతారు. డప్పు దెబ్బ మారుతుంది. హసన్, హుసేన్ అన్నదమ్ముల కథ పాటగా కట్టుకుని గొల్ల ఆడవాళ్ళు, మాదిగ ఆడవాళ్ళు ఏడుస్తూ పాడతారు. దాహానికి నీళ్ళివ్వకుండా చంపారన్న దగ్గర గొంతులు పూడుకుపోతాయి. కరువు చూసిన ఊళ్ళకి నీళ్ళు లేక చచ్చిపోవడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. తిరిగొచ్చేటప్పుడు ఊరు చావు జరిగిన ఇల్లులా ఉంటుంది. పేరు పండుగే. కానీ పీర్‌లో దాక్కున్న నొప్పి, అలమ్‌లో దాక్కున్న నొప్పి ఆ సాయంత్రం బయటికొస్తాయి. వాళ్ళకి ఆ రెండు భాషలూ రావు.

ఒకసారి నానీని అడిగాను, పీర్లు ఎవరివి నానీ అని. ఆమె దక్కనీలో మొదలుపెట్టి తెలుగులో ముగించే మనిషి. "కిస్ కే క్యా రే, ఎత్తుకున్నోళ్ళయి" అంది. ఆమెకి చదువు లేదు. వ్యుత్పత్తి గురించి నేను చదివిన పుస్తకాల్లో దీనికంటే మంచి సూత్రం నాకు దొరకలేదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. జల్‌జలా అంటే భూకంపం. తెలుగు పుస్తకానికి ఆ పేరు పెట్టి, అట్ట మీద అట్లాగే నిలబెట్టారు. మన ఇంటి మాటలు తెలుగులోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అప్పుడు నేర్చుకున్నాం. ఆ పాఠాన్ని వార్తలకూ, పాఠ్యపుస్తకాలకూ, నిఘంటువులకూ తీసుకుపోవడం ఇంకా మిగిలే ఉంది. నేను అడిగేది చాలా చిన్నది. పీరు అని రాయండి. పక్కన కుండలీకరణాల్లో మా మతం రాయకండి. 'సైతం' తీసేయండి. నిఘంటువులో పీరు దగ్గర 'ఫారసీ నుంచి' అని రాయాలనుకుంటే రాయండి, రైతు దగ్గరా అంతే పెద్ద అక్షరాలతో 'అరబ్బీ నుంచి' అని రాయండి. రెండింటికీ రాయండి, లేదా రెండింటికీ మానేయండి.

ఆ వార్త దిద్దినప్పుడు నేను గొడవ పడలేదు. కొత్త ఉద్యోగం, పెళ్ళి కావలసిన చెల్లెలు. ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ కాగితం నానీ చూడలేదు, చూసినా చదవలేదు. ముజావర్ తాత మాత్రం ఎవరి చేతో చదివించుకున్నాడట. తర్వాతి ఏడు పోయినప్పుడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు: "బిడ్డా, విగ్రహాలని రాసినవట. మనం విగ్రహాలు ఎత్తినమా?" నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆయనకి జవాబు. ఎవరైనా చదివి వినిపిస్తారని ఆశ.